బావ వేసిన బెజ్జం

గాజుకు లోహపు పూత పూసి అద్దం చేసే వాక్యూమ్ యంత్రానికి కంపెనీవాళ్ళు పంపిన ధర చూసి మా ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. అంకె మారలేదు. ఈ డబ్బుతో కాలేజీ మీద ఇంకో అంతస్తు వేయొచ్చమ్మా అని కాయితం నా వైపు తోసేశారు. ఫిజిక్స్ ల్యాబు నా చేతి కింద ఉంటుంది. నాకేమో ముక్కు మీదే కోపం. కొననక్కర్లేదు, ఇందులో ఇరవయ్యో వంతుకు మేమే చేసుకుంటాం అని ఆ కాయితం మీదే రాసి సంతకం పెట్టేశాను. ఆయన తాపీగా దాని కింద ఇంకో వాక్యం చేర్చారు. పరీక్షల ముందు వచ్చే తనిఖీ కమిటీ ఎదుట ఈ యంత్రం పనిచేయకపోతే ల్యాబు గదిని ఆఫీసు దస్త్రాలు పెట్టుకోవడానికి ఇచ్చేయాలి. ఆ గది పోతే నాకు మిగిలేది నల్లబల్లా సుద్దముక్కా. ఆ గది కోసం పదహారేళ్ళు అందరితో తగువులు పడ్డాను.

మెట్లు దిగుతుంటే గానీ నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. డబ్బాలోంచి గాలి తీసేస్తే వాక్యూమ్ అని పిల్లలకు చెప్పడం ఎంతసేపు? తీయాలంటే తెలుస్తుంది. తిన్నగా మా అక్క ఇంటికి వెళ్ళాను.

మా బావ ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేస్తాడు. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. వీధిలో అందరూ ఆయన్ని చెవుల మేస్త్రి అంటారు. స్క్రూడ్రైవర్ కొనను యంత్రానికి, పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటాడు. కాసేపటికి దీనికి నూనె అయిపోయిందనో, లోపల స్ప్రింగు విరిగిందనో చెబుతాడు. విప్పి చూస్తే అదే. మీ అక్కకు మాత్రం స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, వీధి చివరికే వినబడుతుంది అని ఎప్పుడూ ఏడిపిస్తుంటాడు. మా అక్క కూడా ఆ మాటకు తగ్గట్టే జవాబిస్తుంది.

ఏసీ పైపుల్లో గ్యాసు నింపేముందు లోపలి గాలి లాగే చిన్న పంపు ఆయన దగ్గరుంది. నా ధైర్యమంతా దాని మీదే. విషయమంతా చెప్పాను. ఎంత గాలి తీయాలన్నాడు. కోటి పాళ్ళలో ఒక్క పాలు మిగలొచ్చన్నాను.

"ఆ ఒక్క పాలూ పాపం ఎందుకు వదిలేస్తున్నావ్, టీచరమ్మా?" అన్నాడు బావ.

మర్నాటి నుంచి షాపు కట్టేయగానే ల్యాబుకు రావడం మొదలుపెట్టాడు. ఆయన పంపు ఒక్కటే చాలదు. అది లాగగలిగినంత లాగాక, మిగిలిన కాస్త గాలినీ కాగే నూనె ఆవిరితో కిందికి నెట్టే ఇంకో పంపు కావాలి. దాన్ని మేమే చేయాలి. నేను బొమ్మ గీసేదాన్ని, ఆయన ప్రశ్నలు వేసేవాడు. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మూడోసారీ అదే ప్రశ్న వేసేవాడు. మూడోసారి చెప్పేటప్పుడు నాకే తెలియదని చాలాసార్లు తేలేది. పాత ఇనుము కొట్టులో దొరికిన మందపాటి స్టీలు గొట్టంతో పంపు ఒళ్ళు తయారైంది. అడుగున పొయ్యి కాయిల్. చుట్టూ నీళ్ళు తిరగడానికి ఓ చచ్చిపోయిన ఏసీలోంచి తీసిన రాగి గొట్టాన్ని ఎక్కడా నలగకుండా చుట్టాడు. దాని మీద మోకాలెత్తు స్టీలు డ్రమ్ము. డ్రమ్ముకు మూత, ఏదో కౌంటరు కూల్చేసినప్పుడు మిగిలిన దళసరి అద్దం. కొత్తగా కొన్నవి నూనె, రబ్బరు రింగులు, లోపల ఎంత గాలి మిగిలిందో చూపే మీటరు. అంతే.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆయన చేతులు కాదు, అవి నాకు ముందే తెలుసు. ఫ్రిజ్‌లో లీకుంటే సబ్బునురుగు పూస్తే బుడగ వస్తుంది, లేదా చెవికి సన్నగా చప్పుడు తగులుతుంది. ఇక్కడ గాలి బయటి నుంచి లోపలికి పోతుంది, అదీ చప్పుడు కానంత కొద్దిగా. బుడగ రాదు. అతుకుల మీద డ్రాపరుతో స్పిరిట్ చుక్కలు వేస్తూ మీటరు ముల్లు ఎక్కడ ఉలిక్కిపడుతుందో చూడాలని చెప్పాను. యాభై మూడేళ్ళ మనిషి. అయితే ముప్ఫై ఏళ్ళ చెవి ఇక్కడ పనికిరాదన్నమాట అని నవ్వి డ్రాపరు అందుకున్నాడు. నేనైతే ఆ మాటకు వారం రోజులు అలిగేదాన్ని. అంత తేలిగ్గా మళ్ళీ మొదటి తరగతిలో కూర్చోగల మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

డ్రమ్ముకు అడుగు పలక అతికే రోజున మాకు మాటామాటా వచ్చింది. లోపలి వైపు ఒక్క వరస వెల్డింగ్ సరిగ్గా పడితే చాలని బావ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా గది దీని మీద ఆధారపడి ఉంది, లోపలా వేయి, బయటా వేయి అన్నాను. రెండెందుకమ్మా, ఒకటి దిట్టంగా ఉంటే, అని మళ్ళీ నసిగాడు. ల్యాబు నీదా నాదా అని అడిగాను. లోపల ఒక వరస, బయట ఒక వరస వేశాడు. బయటిది చీమలబారులా ఎంత నాజూగ్గా వచ్చిందో.

యంత్రం మొదలుపెట్టాం. ముల్లు గబగబా దిగింది, దిగింది, మాకు కావలసిన గీతకు బెత్తెడు దూరంలో ఆగి కూర్చుంది. రింగులు మార్చాం. అద్దం తీసి తుడిచాం. అతుకతుకుకీ స్పిరిట్ చుక్కలు వేశాం, ముల్లు ఉలకదు పలకదు. తొమ్మిది రోజులు ఇదే తంతు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది నా బతుకు. కమిటీ రావడానికి ఆరు రోజులున్నాయనగా, అతుకులన్నీ బాగానే ఉన్నాయి మరి అని బావ అనేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది, బావా. ఫ్రిజ్‌లు బాగుచేసినంత తేలిక కాదు ఇది," అన్నాను, సాయానికి ఆగిన పిల్లలందరి ముందూ.

ఆయన డ్రాపరు బల్ల మీద పెట్టి, ఒక అట్టముక్క జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు. మా అక్క ఫోన్ చేసి నీ నోటికి తాళం వేసే మేస్త్రి ఇంకా పుట్టలేదే అని మాత్రం అంది. అలిగాడనే అనుకున్నాను.

మూడో రోజు అదే అట్టముక్కతో వచ్చాడు. తొమ్మిది రోజులుగా పావుగంటకోసారి ముల్లు ఎక్కడుందో దాని మీద రాసుకుంటున్నాడట, నేను గమనించనే లేదు. మూత తీయకుండా యంత్రాన్ని ఎంత ఎక్కువసేపు ఆడిస్తే ముల్లు కొంచెంకొంచెంగా అంత కిందికి దిగుతోంది. మూత తీశామా, మళ్ళీ మొదటికొస్తోంది.

"నిజం లీకు అలిసిపోదమ్మా. బయట గాలికి కొదవా? ఇది అలిసిపోతోంది. అంటే ఎక్కడో కాస్త గాలి దాక్కుని ఉంది."

దాక్కోవడానికి ఆ డ్రమ్ములో ఉన్న చోటు ఒక్కటే, రెండు వెల్డింగ్ వరసల మధ్య సందు. లోపలి వరసలో కంటికి కనిపించని బెజ్జం ఉండి ఉంటుంది. మూత తీసినప్పుడల్లా సందు గాలి నింపుకుంటోంది, మూసినప్పుడల్లా సన్నగా వదులుతోంది. బయటి వరస గట్టిగా ఉంది కాబట్టి స్పిరిట్ అక్కడికి చేరదు. బయటి వరసే లేకపోతే మొదటి రోజే దొరికేది. దాన్ని పట్టుబట్టి వేయించింది నేను.

బావ డ్రిల్లు తీశాడు. తాను నాజూగ్గా వేసిన ఆ బయటి వరసకే గురిపెట్టాడు. గాలి చొరకూడని డ్రమ్ముకు చేతులారా బెజ్జం వేస్తానంటే ఎవరికి ధైర్యం చాలుతుంది? వద్దన్నాను. ఆయన వినలేదు, స్టీలు పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది. లోపలి వెల్డింగ్‌కు సుద్దపొడి పూసి, బయటి బెజ్జంలో స్పిరిట్ పోసి కూర్చున్నాం. కాసేపటికి తెల్లటి సుద్ద మీద ఆవగింజంత తడి మచ్చ తేలింది. అక్కడ అరగదీసి మళ్ళీ వెల్డింగ్ వేశాడు. బయటి బెజ్జాన్ని అలాగే వదిలేశాడు, ఇంక అక్కడ గాలి దాక్కోదని. మర్నాడు ముల్లు గీత దాటి దిగింది. లోపల వేడి తీగ మీది అల్యూమినియం ఆవిరై, మేం పెట్టిన గాజుపలక అద్దమైపోయింది. అందులో ముందు కనబడింది నోరు తెరుచుకున్న నా మొహమే.

కమిటీ వచ్చింది. వాళ్ళ ముందు ఇంకో గాజుపలకను అద్దం చేసి చూపించాం. కమిటీ పెద్దాయన మెచ్చుకుంటూనే డ్రమ్ము చుట్టూ తిరిగి, బయటి బెజ్జం దగ్గర వంగారు. వాక్యూమ్ డ్రమ్ముకు రెండు వైపులా వెల్డింగ్ వేయకూడదన్నది మొదటి పాఠమనీ, అదీ తెలియనివాళ్ళ చేతిలో ఇలాంటి గది ఉంచడం మంచిది కాదనీ అన్నారు. ఎవరు వేయించారని అడిగారు.

"నేనేనండీ," అన్నాడు బావ. "ఒక్క వరస చాలని మేడమ్ చెప్పారు. నేనే వినలేదు."

నోరు విప్పాల్సింది నేను. ఒక్క క్షణం పట్టేది. గది కళ్ళ ముందు కనబడింది, విప్పలేదు. మేస్త్రి పొరపాటును ల్యాబు అధికారి సకాలంలో సరిదిద్దారు అని రిపోర్టులో రాశారు. గది నాకే మిగిలింది.

సాయంత్రం షాపుకు వెళ్ళి ఏదో చెప్పబోతే, ఊరుకో, ఆ గది పోతే నా పంపు ఎక్కడ పెట్టేదానివి అని కొట్టిపారేశాడు. ఆ యంత్రాన్ని చూసి ఇంకో నాలుగు కాలేజీలవాళ్ళు ఆయనతోనే చేయించుకున్నారు. అన్నిటికీ ఒక్కటే వరస, లోపలి వైపు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. ఏటా కొత్త పిల్లలకు ఆ బెజ్జం చూపించి, రిపోర్టులో ఉన్న కథే చెబుతూ వచ్చాను. చెప్పగా చెప్పగా నాకది నిజమే అనిపించడం మొదలైంది. మొన్న బావ బల్ల కింద దూరి నీళ్ళ గొట్టం నట్టు బిగిస్తున్నాడు. ఆయన అక్కడున్నాడన్న ధ్యాసే లేకుండా నేను మొదలుపెట్టాను, టీచరు మాట వినని మేస్త్రి కథ. పిల్లలు నవ్వారు. బల్ల కింద బావ కూడా నవ్వాడు. ముందు వరసలో అమ్మాయి వంగి, మేడమ్ చెబితే ఎందుకు వినలేదు సార్ అని అడిగింది.

"అప్పట్లో నాకు పొగరెక్కువమ్మా," అన్నాడు.

ఆ మాటను అక్కడ వదిలేస్తే నేనింక మనిషిని కాను.

"చెప్పింది ఆయన," అన్నాను పిల్లలతో. "విననిది నేను. రెండో వరస నేనే వేయించాను. కమిటీ అడిగితే నా గది కోసం ఆయన అబద్ధం ఆడాడు, నేను నోరు మూసుకున్నాను."

బావ బల్ల కింద నుంచి తల బయటపెట్టి నా వైపు చూశాడు.

"ఇప్పుడెందుకే అవన్నీ?" అన్నాడు.

తొమ్మిదేళ్ళు ఆలస్యమైంది బావా అన్నాను. ఆయన మళ్ళీ బల్ల కిందికి దూరాడు. పిల్లలు వెళ్ళిపోయినా బయటికి రాలేదు. ఒక్క నట్టు బిగించడానికి బావకు అంతసేపు పట్టదు.