అరిగిన చోటు

ఆయుధ పూజ నాడు ఉదయం ఆరూ ఇరవైకి మా మామ నా భర్త గిటారును తెచ్చి ట్రాక్టరు పక్కన కుర్చీలో నిలబెట్టాడు. శింగనమలలో మా అమ్మ దగ్గర వారం ఉండి నేను ముందురోజు రాత్రే వచ్చాను. గిటారు ఎర్రగా మెరుస్తోంది. ట్రాక్టరుదీ అదే ఎరుపు.

నా భర్త వేరుశనగ సాగు చేసేవాడు. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాతో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. రాక్ సంగీతంలో గొప్ప పేరున్న ఒక విదేశీయుడి గిటార్లంటే ఆయనకు ప్రాణం. వాటిలో ఒకదానికి ముంజేయి ఆనేచోట రంగు పోయి కొయ్య తేలింది. దాని ఫోటో చూసే నల్లది ఒకటి కొన్నాడు. ఏళ్ల తరబడి వాయించాక దానికీ అదే చోట రంగు పోయింది. చూసుకుని మురిసిపోయేవాడు.

"వాని గిటారుకు ఇంతకన్నా ఎక్కువ పోయింది నాయనా. జనం దానికే ఎగబడతాండారు."

"అట్లయితే మన కొడవలి పిడి గూడా వాళ్లకు పంపిద్దాం పా. మీ తాత చేతికింద సగం అరిగిపోయింది," అనేవాడు మా మామ.

నిరుడు ఉరవకొండ నుంచి బండి మీద వస్తుంటే లారీ గుద్ది నా భర్త చనిపోయాడు. బట్టలు కర్మ నాడే పంచేశారు. ఇంట్లో ఆయన ఒంటి ఆనవాలుగా మిగిలింది గిటారు మీద అరిగిన ఆ చోటే. నాకు వాయించడం రాదు. పనులయ్యాక గిటారు పెట్టె తెరిచి, అక్కడ అరచెయ్యి పెట్టి కూర్చునేదాన్ని. కొయ్య నున్నగా, కొంచెం పల్లంగా ఉండేది.

చావు జరిగిన ఏడాది పండగలు చేయలేదు. సంవత్సరీకం తర్వాత ఇదే మొదటి ఆయుధ పూజ. మా వైపు పనిముట్లన్నిటినీ కడిగి, రంగు పోయినవాటికి రంగు వేయించి, బొట్టు పెట్టి పూజిస్తారు. కొడుకు పనిముట్టును వదిలేయకూడదని మా మామ అనుకున్నాడు.

"మామా, దీనికి రంగెవరు వేయమన్నారు?"

"ఎవురు చెప్పల్లమ్మా? ట్రాక్టరుకేసినాము, స్ప్రేయరుకేసినాము. వాని వస్తువు బోడిగా పెడితే చూసినోళ్లు ఏమనుకుంటారు? వాడెట్లా లేడు. ఇదన్నా కొత్తగా ఉండనీ."

ట్రాక్టరు మీద పేరు దిద్దుతున్న పెయింటరును అడిగాను, ఈ ఎరుపు గీకేస్తే పాత చోటు బయటపడుతుందా అని.

"గీకొచ్చక్కా. అయితే ఉప్పుకాగితంతో అంతా రుద్ది, పల్లాన్ని లప్పం పెట్టి పూడ్చినా. అది ఇంగ యాడుంటాది? మీ మామ పక్కనే నిలబడి చేయించినాడు. ఎంత నున్నగా వచ్చిందో చూడు."

మా మామ గిటారుకు పసుపు రాసి కుంకుమ పెట్టాడు. తీగెల మధ్య బంతిపూలు గుచ్చాడు. గుమ్మడికాయ కొట్టాడు. నన్ను దండం పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాను.

ఆ గొప్పవాడి గిటారులా కనబడాలని విదేశాల్లో కొత్త గిటార్లకే రంగు గీకి అమ్ముతారని నా భర్త ఒకసారి చెప్పాడు. మా ఇంట్లో నిజంగా అరిగినదానికి లప్పం పెట్టారు. మా మామది ప్రేమేనని నాకు తెలుసు. తెలిసినందువల్లే కోపం తగ్గలేదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

నా భర్తను బాగా ఎరిగినవాళ్లం ఇంట్లో మేమిద్దరమే. సాయంత్రం టీ తాగుతూ ఆయన సంగతులు చెప్పుకునేవాళ్లం. మా మామకు టీ ఇప్పటికీ నేనే ఇస్తాను. నా భర్త సంగతులు చెప్పుకోవడం లేదు.