సముద్రానికి ప్రహరీ

గృహప్రవేశం నాడు చుట్టాలకు సముద్రం చూపించబోయి వామన్‌రావు పాయసం గుండిగలో కూర్చున్నాడు. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, గోడ మీదుగా మునివేళ్ల మీద నిక్కి, "అదిగో, గాడ తెల్లగ మెరుస్తున్నదే..." అంటుండగా కుర్చీ కాలు విరిగింది. పాయసం అప్పటికే చల్లారింది, వడ్డన కూడా చాలావరకు అయిపోయింది. కాబట్టి దోషమేమీ లేదని పురోహితుడు తేల్చాడు.

సొంత ఇంటి ముందున్న సముద్రాన్ని కుర్చీ ఎక్కి చూడాల్సిన ఖర్మ ఎలా పట్టిందో చెప్పాలి.

వామన్‌రావుకు ఆబిడ్స్‌లో కళ్లజోళ్ల దుకాణం. కాపురం నాంపల్లి స్టేషన్ వెనక సందులో. ఆ ఇంటికి ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. భార్య సౌభాగ్య టీచరు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు ఆ గోడకెదురుగా కూర్చునే పరీక్ష పేపర్లు దిద్దింది. మొగుణ్ణి ఆమె కోరింది ఒక్కటే. "రిటైరైనంక కుర్చీల కూసోని సముద్రం చూడాలె. ఇంకేమొద్దు."

వామన్‌రావు మాట తప్పే మనిషి కాడు. బాపట్ల దగ్గర తీరాన ఒక పాత పెంకుటిల్లు, దాని ముందు సముద్రం దాకా పరుచుకున్న పచ్చిక బీడు కొన్నాడు. ఊరి గేదెలు ఆ బీట్లో మేసేవి. శ్రీరామమూర్తి అనే మేస్త్రీకి పని అప్పగించి, తను దుకాణంలో కూర్చునే ఫోన్లో ఇల్లు కొత్తది చేయించాడు. నేలకు నున్నటి టైల్సు, వరండాకు అద్దాల తలుపులు, ఏసీ, అన్నీ వచ్చాయి. అన్నిటికన్నా ముందు మాత్రం ప్రహరీ లేచింది.

హైదరాబాదులో జాగా కొన్నవాడు దేవుడికి దండం పెట్టడం మరిచినా గోడ పెట్టడం మరవడు. వామన్‌రావు తండ్రి మల్లేపల్లిలో కొన్న జాగాలో రాత్రికి రాత్రే ఒక పాన్ డబ్బా వెలిసింది. దాన్ని కదిలించేలోపు ఆయనే కన్నుమూశాడు. అది తెలిసిన పక్క దుకాణం రాజమల్లు వామన్‌రావు చెవిలో ఒక మాట వేశాడు. "జర ఎత్తుగ లేపు అన్నా. ఖాళీ జాగ కనబడితె కబ్జా పెడ్తరు. బయటోనికి లోపలున్నది అవుపడొద్దు."

బయటివాడికి లోపల కనబడకపోతే లోపలివాడికి బయట కనబడదని ఆబిడ్స్ మొత్తమ్మీద ఎవరికీ తట్టలేదు.

గృహప్రవేశం సాయంత్రం చుట్టాలు వెళ్లాక సౌభాగ్య వరండాలో కుర్చీ వేసుకుంది. అలల చప్పుడు కమ్మగా వినబడుతోంది. ఎదురుగా, కొత్త రంగు వాసనతో, గోడ.

"ఏమండీ, గోడనే చూసుడైతే మన నాంపల్లి గోడ ఏం పాపం చేసింది?" అంది. నవ్వుతూనే అంది.

"కూలగొట్టిస్త తియ్. గింత దానికి ఫికర్ ఎందుకు?"

కానీ హైదరాబాదు తిరిగొచ్చాక కూలగొట్టించలేదు. హద్దుల సర్వే కానీ అన్నాడు. సర్వే అయ్యాక, పక్కన ఎవరో రిసార్టు కడుతున్నారట, వాళ్ల పని తేలనీ అన్నాడు. అట్లా రెండేళ్లు గడిచాయి. ఈలోగా సౌభాగ్య నడుము పట్టేసింది. లక్డీకాపూల్ దాటి ఒక దవాఖానలో వెన్నుపూసకు ఆపరేషన్ జరిగింది. ఇక దూర ప్రయాణాల మాట ఎత్తవద్దన్నాడు డాక్టరు.

ఆ మధ్యాహ్నం వామన్‌రావు దుకాణం తెరవలేదు. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం కొనుక్కుని, అది చొక్కా చేతిలోకి కారుతున్నా చూసుకోకుండా, మేస్త్రీకి ఫోన్ చేశాడు. "గోడ తీసెయ్. మొత్తం."

గోడ పోయిన రోజున శ్రీరామమూర్తి వీడియో కాల్ చేశాడు. వామన్‌రావు ఫోన్ తెచ్చి మంచం మీదున్న భార్య చేతిలో పెట్టాడు. సౌభాగ్య అద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"మంచిగున్నదండి. అరచేయంత సముద్రం," అని ఫోన్ తిరిగి ఇచ్చేసి, కిటికీ వైపు ఒత్తిగిల్లింది.

నెల తిరక్కుండానే మేస్త్రీ మళ్లీ ఫోన్.

"ఏంటండీ బాబూ, గోడ తీశాక ఊళ్లో గేదెలన్నీ మీ వరండాలోనే పడుకుంటున్నాయండీ. అద్దాల తలుపులకి మూతులు రుద్దేస్తున్నాయి. ఎన్నిసార్లని తోలమంటారు?"

"ఉండనియ్ భయ్యా, సముద్రం వాటినన్న చూడనియ్."