బొట్టుబిళ్ళలు అంటించిన కంప్యూటరు

"ఆ డబ్బా మళ్ళీ లేస్తే దేని మీదా నొక్కమాకు. నేనొచ్చాక చూస్తా."

"నొక్కనులెండి. ముందు బయల్దేరండి, బస్సు పోద్ది."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఫొటో కాగితం కొనడానికి కంకిపాడు నుంచి బెజవాడ వెళ్ళిన మనిషి, కాగితం కట్ట ఒళ్ళో పెట్టుకుని బస్టాండు బెంచీ మీద కూర్చుని అలాగే పోయారు. గుండె ఆగిందన్నారు. ముప్పై ఏళ్ళు కాపరం చేసి, చివరికి మేం మాట్లాడుకున్నది కంప్యూటరు తెర మీద లేచే ఒక డబ్బా గురించి. తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, రోత పుడుతుంది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు "ఆఖరున ఏమన్నారు అక్కా?" అని అడిగితే, "ఒంట్లో జాగ్రత్త అన్నారు" అని అబద్ధం చెప్పాను. అది కూడా రాయమంటున్నాను.

నేను చెబుతున్నాను, మా చెల్లెలి కూతురు రాస్తోంది. నా చదువు రెండో తరగతి. తెలుగైతే ఒక్కో అక్షరం పట్టుకుని కూడబలుక్కుంటాను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

మాది ఫొటో స్టూడియో, మెయిన్ రోడ్డు మీద ఒక షట్టరు గది. పిల్లల అప్లికేషన్లకి పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు పెద్దవి చేసి ఫ్రేము కట్టడం. ఇవే మా తిండి. ఆయన మనిషిని కూర్చోబెట్టి తీసేవారు. ఆ తర్వాత కంప్యూటరు దగ్గర పని నాది. వెనక గోడ తీసేసి నీలం రంగు పెట్టడం, మొహం మీద మచ్చ తుడవడం, ఎనిమిది ఫొటోలు ఒక కాగితంలో పేర్చి ప్రింటు కొట్టడం.

చదువు రానిదానికి ఈ పని ఎట్లా వచ్చిందని అందరూ అడిగేవారు. బొట్టుబిళ్ళలతో వచ్చింది. స్టూడియో తెరిచిన కొత్తలో ఆయన నా బొట్టుబిళ్ళల అట్ట తీసుకుని, నాకు కావలసిన మీటల మీద తలా ఒకటి అంటించారు. ఎర్రబిళ్ళ నొక్కితే చెరిగిపోతుంది. పచ్చబిళ్ళ నొక్కితే చేసింది నిలుస్తుంది. తెర చుట్టూ ఉన్న నల్లటి అంచు మీద కూడా వరసగా అంటించారు. కింద ఎడమ మూలన మెరూన్ బిళ్ళ, దాని ఎదురుగా బాణం పెట్టి నొక్కితే అన్నీ తెరుచుకుంటాయి. దానికి బెత్తెడు పక్కన ఫొటోలు దాచిన సంచి. పైన కుడి మూలన మూసేసేది. అక్కడ ఏం రాసుందో నాకు అక్కర్లేదు. చోటు చూసి నొక్కుతాను. కరెంటు పోయినా వంటింట్లో ఉప్పు డబ్బా మీదికి చెయ్యి వెళ్ళదూ, అట్లా వెళ్ళేది నా చెయ్యి.

ఆయన పోయాక ఫొటో తీయడం కూడా నా మీదే పడింది. ఆ డబ్బా మాత్రం లేస్తూనే ఉంది. పాత సిస్టమ్‌ని ఇక చూసేవాళ్ళు ఉండరట, కొత్తది వేసుకోవాలట. దాని కింద రెండు బొత్తాలు. ఆయన తమ్ముడికి పామర్రులో నెట్ సెంటరు ఉంది. అతన్ని ఫోన్లో అడిగితే, ఎడమది నొక్కితే కొత్తది వచ్చేస్తుంది, కుడిది నొక్కితే ప్రస్తుతానికి వదిలేస్తుంది అన్నాడు. రోజూ పొద్దున్నే కుడిది నొక్కి పని మొదలుపెట్టేదాన్ని. ఇంటి ముందు నిలబడి పోనంటే పోనన్న మనిషి మొహాన తలుపు వేసినట్టు ఉండేది.

ఒకరోజు మరిది తన లాప్‌టాప్ పట్టుకుని స్టూడియోకి వచ్చాడు.

"ఇదిగో వదినా, కొత్తదంటే ఇట్లా ఉంటది. ఎంత నీటుగా ఉందో చూడండి."

చూశాను. అంచులన్నీ అరగదీసినట్టు గుండ్రంగా ఉన్నాయి. కింద ఎడమ మూలన ఉండవలసినవన్నీ, పెళ్ళిలో గ్రూపు ఫొటోకి నిలబడ్డ చుట్టాల్లాగా, నడిమధ్యకి వచ్చి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. నా మెరూన్ బిళ్ళ ఎదురుగా ఉండాల్సిన చోట ఉత్త ఖాళీ.

"మూలనున్నదాన్ని మధ్యలోకి ఎందుకు లాగారు?"

"అందంగా ఉంటదని."

"ఎవరడిగారు?"

"ఎవరూ అడగరు వదినా. కంపెనీవాళ్ళే మారుస్తారు. మనం అలవాటు పడాలంతే."

"మీ అన్నయ్య వంటింట్లో స్టవ్ జరపాలన్నా నన్నడిగి జరిపేవారు."

"స్టవ్‌కి వైరస్ రాదుగా!" అని నవ్వాడు. మళ్ళీ మొహం సర్దుకున్నాడు. "పాతదాన్ని అట్టాగే ఉంచితే ఏదో ఒక రోజు ఫొటోలన్నీ పోతాయి. అప్పుడు నన్ననొద్దు. కొత్తది మీకు రాదంటే చెప్పండి, షట్టరు సెల్‌ఫోన్ల షాపువాళ్ళకి అద్దెకిచ్చేద్దాం. ఈ వయసులో మీకెందుకీ తంటా?"

గది అన్నదమ్ములిద్దరి పేరు మీదా ఉంది. అతను అనగలడు. పాతది ఉంచుకుంటే ఫొటోలు పోతాయని అతను బెదిరిస్తాడు. కొత్తది వేసుకుంటే నా చేతులు పోతాయి. ఎటు పడినా "వదినకి కుదరడంలేదు" అనే మాట అతని నోట్లో సిద్ధంగా ఉంది. స్టూడియో పోతే నేను ఎవరో ఒకరి ఇంట్లో కూరగాయలు తరుగుతూ కూర్చోవాలి. ఆ పని అంటే నాకు అసహ్యం లేదు, అడుక్కున్నట్టు చేయడం అసహ్యం.

సరే, నెల గడిచింది. ఒక రైతు వాళ్ళమ్మ ఫొటో పెద్దది చేయించడానికి వచ్చాడు. ముసలామె ఫొటో అంటూ ఇంట్లో ఒక్కటీ లేదట, ఆధార్ కార్డు మీద గోరంత బొమ్మ ఉందంతే. దాన్ని పెద్దది చేసి, వెనక తెలుపు తీసి, మసక తుడుస్తున్నాను. ఒక చెంప పూర్తయింది. అప్పుడు లేచింది డబ్బా. ఈసారి చిన్నగా కాదు, తెరంతా పరుచుకుంది. నేను అలవాటు కొద్దీ కుడివైపు నొక్కాను.

వాళ్ళు బొత్తాల చోటు మార్చారు. వద్దనేదాన్ని ఎక్కడో కింద, కంటికి ఆననంత సన్నగా పెట్టారట. చదివేవాళ్ళకి అది ఒక లెక్క కాదు. నాలాగా చోటు చూసి నొక్కేదాన్నే అది పట్టుకుంది. ఛీ, ఏం బతుకులు వాళ్ళవి!

తెర నీలంగా మారి, మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి.

"ఏంటండీ, మా అమ్మేది?" అన్నాడు రైతు.

"లోపలే ఉన్నారయ్యా. ఇది కొత్తది వేసుకుంటంది."

"ఎల్లుండి పెద్దకర్మండీ. మీ కంప్యూటరు ముస్తాబయ్యేదాకా మా అమ్మ కూర్చోవాలా?"

రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాడు పాపం. చివరికి లేచి, నా చేతిలోంచి కార్డు తీసుకుని, "చేతగానప్పుడు షాపెందుకు తెరవాలండీ" అన్నాడు. ఆ 'అండీ' ఉంది చూడండి, దానికన్నా బూతు తిట్టినా బాగుండేది. రోడ్డు దాటి ఎదురు స్టూడియోలోకి వెళ్ళాడు. నాకు కనపడుతూనే ఉంది.

సాయంత్రానికి కొత్త మొహంతో తెర తెరుచుకుంది. మెరూన్ బిళ్ళ ఎదురుగా నొక్కాను. ఏదో వాతావరణం బొమ్మ, పక్కనే ఎవత్తో సినిమా ఆమె. మూసేద్దామని ఇంకోచోట నొక్కితే మరొకటి తెరుచుకుంది. మరిదికి ఫోన్ చేశాను. "నొక్కేశారా! సరేలెండి, ఈ ఆదివారం కుదరదు, పై ఆదివారం వచ్చి షట్టరు సంగతి మాట్లాడతా" అన్నాడు. గొంతులో సంతోషం దాచుకోవడం కూడా చేతగాలేదు.

అప్పుడు పిలిచాను, ఇదంతా రాస్తున్న ఈ పిల్లని. బెజవాడలో డిగ్రీ చదువుతోంది. మర్నాడు బస్సెక్కి వచ్చింది.

"కంగారు పడమాకు పెద్దమ్మా. పది రోజుల్లోపైతే పాతదానికి వెనక్కి పోవచ్చు. పది దాటితే మాత్రం కుదరదు."

"ఇప్పుడే పంపెయ్. దీని మొహం చూడలేకపోతున్నా."

"నాలుగు రోజులు చూడరాదా? నీకు తెలుగొచ్చుగా. తెలుగులో పెడతా ఉండు."

"ఏం పెడతావ్ తెలుగులో?"

"ఇదంతా."

ఏదో నొక్కింది, కంప్యూటరు ఆర్పి వెలిగించింది. తెర మీద తెలుగు అక్షరాలు. నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. తొ, ల, గిం, చు. తొలగించు. ఎర్రబిళ్ళ చేసే పనికి అది పేరట. ర, ద్దు. రద్దు. ఇక చోటు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మూల నుంచి మధ్యకి జరిగినా దాని పేరు అదే.

"ఎంత మంచిపని చేశారే కొత్తదాంట్లో!" అన్నాను. ఆ ఒక్క క్షణం నాకు కోపం పోయింది.

పిల్ల నా మొహం చూడకుండా చెప్పింది. "పాతదాంట్లో కూడా ఉంది పెద్దమ్మా. ఎప్పటినుంచో ఉంది."

"మీ పెదనాన్నకి తెలియదేమో."

అన్నాను గానీ, అంటుండగానే గుర్తొచ్చింది. పక్క ఊరి పంచాయతీ ఆఫీసు కంప్యూటరుకి తెలుగు పెట్టించింది ఆయనే. ఆ రోజు వాళ్ళు కాఫీ ఇచ్చారని కూడా ఇంటికొచ్చి చెప్పారు. తెలుసు. అంతా తెలుసు. ఒకసారి నేను అడిగాను కూడా, సాయంత్రం గిరాకీ లేనప్పుడు నాలుగు అక్షరాలు నేర్పించరాదా అని. "నువ్వు చదువుకుని కలెక్టరువి కావాలా? బిళ్ళ చూసి నొక్కు" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ బిళ్ళల్ని చూపించి, మా ఆయన నాకోసం ఎంత ఆలోచించారో చూడండని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. పాతికేళ్ళు చెప్పుకున్నాను.

ఎందుకు చేశారు? బద్ధకమా? నేను ప్రతిదానికీ "ఏవండీ, ఇదేంటండీ" అని పిలవడం బాగుండేదా? అసలు ఆయనకి తట్టనే లేదా? అడుగుదామంటే మనిషి లేడు. చెడ్డమనిషి కాదు. తాగలేదు, కొట్టలేదు. అయినా ఆ వారమంతా ఆయన ఫొటో వైపు చూడబుద్ధి కాలేదు నాకు.

కొత్తది బాగుందని అనడం లేదు. ఆ తెలుగు ఎవరింట్లోనూ మాట్లాడే తెలుగు కాదు. అడగని వార్తలు చూపిస్తుంది, ఎవరెవరి పెళ్ళిళ్ళో చూపిస్తుంది. ఫొటోలు బాగుచేసేది మాత్రం ఇంకా ఇంగ్లీషులోనే ఉంది. దాంట్లో నాకు కావలసిన పదకొండు మాటలు పిల్ల నోటుబుక్కులో రాసి, పక్కనే తెలుగులో చదివే విధం రాసిచ్చింది. రోజంతా వాటినే గొణుక్కున్నాను. మధ్యలో రెండుసార్లు "ఈ పీడ నాకొద్దు, వెనక్కి పంపెయ్" అని ఫోన్ చేశాను. నాలుగు ఫొటోలు పాడుచేసి, తీయించుకున్నవాళ్ళ చేత తిట్లు తిన్నాను.

పదో రోజు ఆదివారం. మరిది వచ్చాడు.

"ఇవాళ్టితో సరి వదినా. వెనక్కి పంపమంటారా?"

"వద్దు. ఉండనీ."

"మరి మీరు చేయగలరా? సెల్‌ఫోన్ల షాపువాళ్ళు..."

"నువ్వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చో."

"నాకెందుకు ఫొటో?"

"కూర్చోవయ్యా."

తీశాను. అతన్ని నా వెనకే నిలబెట్టుకుని, తెర మీద ప్రతి మాటా పైకి చదువుతూ పని చేశాను. అరగంట పట్టింది. ఇదివరకు ఐదు నిమిషాల పని. అతను గడియారం చూసుకుంటాడు, నేను వినిపించుకోను. ఎనిమిది ఫొటోలు వచ్చాయి. గోడ తీసేసేటప్పుడు ఎడమ చెవి కాస్త తెగింది.

"చెవి పోయింది వదినా!"

"రెండోది ఉందిగా. ఇదివరకు మాత్రం నా మాట ఏ చెవిన పెట్టావ్?"

ఫొటోలు జేబులో పెట్టుకున్నాడు. అద్దె మాట ఆ రోజు ఎత్తలేదు. రేపు ఎత్తుతాడు, తెలుసు. అప్పటికి ఇరవై నిమిషాల్లో చేసి చూపిస్తాను.

ఇంతే నేను చెప్పదలుచుకుంది. ఏమ్మా, రాశావా అంతా? మీ పెదనాన్న గురించి చెప్పేటప్పుడు నీ పెన్ను ఆగింది, నేను చూశాను. అక్కడ నీ సొంతంగా మెత్తటి మాట ఏదైనా కలిపావేమో. నేను కూడబలుక్కుంటూ కూర్చుంటే పొద్దుపోతుంది గానీ, మొదటినుంచీ నువ్వే గట్టిగా చదివి వినిపించు.