మాడు వాసన

ఇవాళ పొద్దున మా మనవరాలు టోస్టర్‌లో బ్రెడ్డు మాడ్చింది. స్మోక్ అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే, దాని కింద నిలబడి తువ్వాలు ఊపుతూ ఆ పిల్ల ఒకటే నవ్వు. నేను మాత్రం కుర్చీలోంచి లేచి, పొయ్యి, బేస్‌మెంట్ అన్నీ చూసొచ్చాను. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ చూసి రాందే మనసొప్పదు.

కాకినాడలో ఇరవయ్యేళ్లు తర్కం చెప్పినవాణ్ణి నేను. నా ఈడువాళ్లలో డిగ్రీలో ఫిలాసఫీ చదివినవాళ్లుంటే గుర్తుండే ఉంటుంది: కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని తెలుసుకోవడం అనుమాన ప్రమాణం, మసక వెలుతురులో తాడును పామనుకోవడం భ్రమ. మన ఇంద్రియాలు చెప్పిందల్లా నిజం కాదని, ప్రత్యక్షానికి కూడా పరీక్ష ఉండాలని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. కెనడాలోని మిస్సిసాగా వచ్చాక ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌస్‌లో పెట్టెలు స్కాన్ చేసే ఉద్యోగంలో కుదురుకున్నా, పాఠం చెప్పే జబ్బు వదల్లేదు. వినడానికి మిగిలింది మా ఆవిడ ఒక్కతే.

ఇక్కడి మన ఇళ్లల్లో తాలింపు వేసేముందు, ఆ పొగకి మోగకుండా స్మోక్ అలారానికి షవర్ క్యాప్ తొడగడం మీకు తెలియంది కాదు. మా ఇంట్లో ఆ పని నాది. ఒక చలికాలం మా ఆవిడ ఉన్నట్టుండి ఏదో మాడుతోందనడం మొదలుపెట్టింది. పొయ్యి చూశాను, బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ చూశాను, ఎక్కడా ఏమీ లేదు. రెండ్రోజులకోసారి అదే మాట. చివరికి విసుగొచ్చి, ఆమెను అలారం కింద నిలబెట్టి, క్యాప్ లేదని చూపించి, పొగ ఉంటే ఇది మోగాలి, మోగలేదు కాబట్టి పొగ లేదు, నీది వట్టి భ్రమ అని పెద్ద పాఠమే చెప్పాను. అంతా విని ఒక్క మాట అడిగింది.

"మీకు రాకపోతే లేనట్టేనా అండీ?"

మంచి ప్రశ్న అని మెచ్చుకున్నాను కూడా, క్లాసులో స్టూడెంటును మెచ్చుకున్నట్టు. సిగ్గులేని మనిషిని. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు, నేను గెలిచాననుకున్నాను.

నాలుగు నెలలకు వంటింట్లో ఫిట్స్ వచ్చి పడిపోయింది. హాస్పిటల్లో డాక్టరమ్మ స్కాన్ చూపిస్తూ, మెదడులో వాసన తెలిసే చోట గడ్డ పెరిగిందని, అలాంటప్పుడు ఏమీ కాలకపోయినా మాడు వాసన వస్తుంటుందని చెప్పి, ఇంతకుముందు అలా ఎప్పుడైనా వచ్చిందా అని అడిగింది. మా ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, లేదని తల ఊపింది. మళ్లీ చలికాలం ఆమె చూడలేదు.

ఇప్పుడు మా అమ్మాయి దగ్గరే ఉంటున్నాను, అది ఎయిర్ ఫ్రయర్‌లో వండుతుంది, తాలింపులు తగ్గాయి, షవర్ క్యాప్‌తో పనిలేదు. ఎవరు ఏ వాసన వస్తోందన్నా నేను వాదించను, లేచి ఇల్లంతా తిరిగి చూసొస్తాను. ఆ రోజు ఆమె లేదని ఎందుకు చెప్పిందో, నన్ను కాపాడడానికో, నాకు చెప్పీ లాభం లేదనో, చదివిన ఏ ప్రమాణంతోనూ తేల్చుకోలేకపోతున్నాను. అడుగుదామంటే మనిషి లేదు.