ఒక గదిలో ఒకే రకం కణాలు

ఖమ్మంలోని మా మందుల కంపెనీలో, మందు తయారీకి పెంచే కణాలు అసలైనవేనా, వాటిలో వేరేవి కలిశాయా అని పరీక్షించడం నా పని. రెండు రకాలు కలవకూడదని ఒక్కో గదిలో ఒక్కరమే కూర్చుంటాం. పొద్దంతా మాట్లాడేవారు ఉండరు.

ఈ రోజు, తల్లాడ నుంచి కొత్తగా వచ్చి చేరిన సరోజ తన కణాల సీసా పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"అక్కా, ఆడ ఒక్కదాన్నే ఉంటే బుగులైతున్నది. నీ పక్కన కూసుంట."

కూర్చోమనాలని ఎంత అనిపించిందో!

"వద్దు సరోజా. నీవి, నావి కలిస్తే రెండూ పారబొయ్యాలె. పో."

"గింత మడి మా నాయనమ్మకు సుత లేదక్కా!"

నవ్వుతూ వెళ్లి, అద్దం అవతల నుంచి చెయ్యి ఊపింది. నా చేతులు రెండూ పనిలో ఉన్నాయి. తిరిగి ఊపలేకపోయాను.

సాయంత్రానికి నా కణాలు స్వచ్ఛమైనవేనని తేలింది. ఆమెకు చెబుదామని బయటికొస్తే, ఆమె ఎక్కే తల్లాడ బస్సు వెళ్లిపోయింది.

మీరైతే కూర్చోనిచ్చేవారా?