ఆధారం గడిలో రాసిన మాట

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్‌లో, నన్ను రాజమండ్రిలోని ఒక చిన్న మ్యూజియంలో ఫొటోల గదికి బదిలీ చేశారు. హోదా గ్యాలరీ అసిస్టెంట్. పైన క్యూరేటర్ ఒక్కరే. ఇంటర్‌తో చదువు ఆగినవాణ్ణి. ఈ పని గురించి నాకు తెలిసిందంతా లైబ్రరీలో కూర్చుని చదివిందే. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి.

మ్యూజియంలోకి వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక కార్డు ఉంటుంది. అదేమిటి, ఎవరిచ్చారు, ఆ సంగతి మనకెలా తెలుసు అన్నవి అందులో రాస్తాం. చివరిదాన్ని ఆధారం గడి అంటాం. గోడమీది లేబుల్ ఆ కార్డును బట్టే తయారవుతుంది. మా కార్డులు రాసింది రత్నకుమారి గారు. లూథరన్ బడిలో టీచరుగా రిటైరై, వారానికి రెండు రోజులు జీతం లేకుండా వచ్చేవారు. అక్షరాలు అచ్చుగుద్దినట్టు ఉండేవి. బడిపిల్లలకు గది చూపించేదీ ఆవిడే.

ఆ ఏడు మండపేట వైపు నుంచి ఒక భూస్వామి కుటుంబం పాత ఫొటోలు ఇచ్చింది. రెండింటిని పక్కపక్కన పెట్టాం. ఒకదానిలో పడక్కుర్చీలో ఆ ఇంటి పెద్దాయన, కింద ఆయన పేరు. రెండోదానిలో తట్ట పట్టుకున్న ఒక స్త్రీ, కింద ‘కాలువ పూడిక తీసే కూలీ’.

ఒకరోజు రత్నకుమారి గారు ఆ రెండో ఫొటో చూపించి బడిపిల్లలకు చెబుతుంటే విన్నాను.

“ఈవిడ పేరు సువార్తమ్మ. మా అమ్మమ్మ. ఎడమచేతికి ఆరు వేళ్లున్నాయి, చూడండి. ఆ చేత్తోనే నాకు జడలేసేది.”

“ఆరోవేలు జడలో ఇరుక్కునేది కాదా టీచర్?” అంది ఒక పిల్ల.

“ఇరుక్కునేదే. ఊరంతా వినపడేలా అరిచేదాన్ని.”

పిల్లలు నవ్వారు. నేను వాళ్ల మధ్యకే వెళ్లి, “టీచరుగారూ, రాతపూర్వకమైన ఆధారం లేకుండా పేర్లు చెప్పకూడదండి” అన్నాను. చదివిన పుస్తకంలోని నియమం కూడా వినిపించాను.

ఆవిడ పిల్లలను పంపించేసి వచ్చి, బీరువాలోంచి పెద్దాయన కార్డు తీసి నా ముందు పెట్టారు.

“ఆధారం గడి చదవండి. మీరు చెబితే నేనే రాశాను.”

‘కుటుంబ సభ్యులు ఫోన్‌లో చెప్పినది’ అని ఉంది.

“మాది కుటుంబం కాదేంటండి?”

“అది వేరండి” అన్నాను. ఎలా వేరో ఆవిడ అడగలేదు. వాలంటీర్ బ్యాడ్జి ఆ కార్డు మీద పెట్టి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. క్యూరేటర్ అడిగితే, ఆవిడకు ఒంట్లో బాగాలేదని చెప్పాను.

లేబుల్ మార్చడానికి అరపేజీ నోటు, క్యూరేటర్ సంతకం చాలు. నోటు పెడితే ఆవిడ ఎందుకు మానేశారో కూడా చెప్పాల్సి వస్తుందని దాదాపు మూడేళ్లు పెట్టలేదు. రిటైరయ్యే వారంలో పెట్టాను. సువార్తమ్మ పేరు గోడ మీదికి వచ్చింది. రత్నకుమారి గారికి ఫోన్ చేశాను.

“ఆధారం గడిలో ఏం రాశారండి?”

“‘మనవరాలు చెప్పినది’ అని రాశానండి.”

“అప్పుడూ అదే చెప్పాను కదండీ” అన్నారు.

ఆధారాలు చూడటం నాకు బాగా వచ్చనుకునేవాణ్ణి. ఫోన్‌లో పేరు చెప్పిన ఆ పెద్దాయన మనవణ్ణి నేను కాగితం అడగలేదు. అడగాలని తోచనూ లేదు. కాగితం అడిగితే ఇద్దరినీ అడగాలి. ఈ ముక్క నేను చదివిన పుస్తకాల్లో ఉండే ఉంటుంది. నేను చూడలేదు.