అతని పేరు పక్కన సున్నా

బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసిన ఐదేళ్లకు, గాంధీనగర్ బాస్కెట్‌బాల్ జట్టుకు నేను స్కోరు రాసేవాణ్ణి. జట్టులో అందరికన్నా చిన్నవాడు బంతిని మూడుసార్లు నేలకు కొట్టి వేశాడంటే గురి తప్పేది కాదు. ఉద్యోగమిచ్చి అతణ్ణి తమ జట్టుకు తీసుకుపోవాలని మద్రాసు కంపెనీ అధికారి ఒకరు వచ్చారు. ఆనాటి ఆటలో అతను ప్రతిసారీ మూడుసార్లు కొట్టి, బంతిని పక్కవాడికే అందించాడు. మేమే గెలిచాం.

“ఏందప్పా, ఈపొద్దు ఒక్కటీ వేయలేదే?” అన్నాను.

“సున్నానే రాయన్నా. ఆ సారు నీ బుక్కు చూసి పోతాడు. నేను యాడికీ పోను.”

అధికారి నా పుస్తకం చూసి వెళ్లిపోయారు. తర్వాత తొమ్మిదేళ్లు అతను మాకే ఆడాడు. నేను వేసిన అంకెల్లో తప్పు లేదు. కానీ ఆనాడు మావాళ్లు బుట్టలో వేసిన ప్రతి బంతీ అతని చేతిలోంచే వచ్చిందని రాయడానికి ఆ పుటలో గడి లేదు.